సొరుగులో దాచిన కోటలు

ఫ్రాన్సు దక్షిణ భాగంలో కార్కసోన్ అనే ఊరుంది. ఊరికి ఆనుకుని ఓ గుట్ట, గుట్ట మీద కోట. కోటంటే అట్లా ఇట్లా కాదు. ఒకదాని వెనక ఒకటి రెండు వరసల ప్రాకారాలు. గోడల పొడవంతా కలిపితే మూడు కిలోమీటర్లు. వాటి మీద 52 బురుజులు. చాలా బురుజుల నెత్తిన సన్నగా, కొసదేరి, నల్లరాతి పలకలు కప్పిన గోపురాలు. పిల్లల బొమ్మల పుస్తకంలో రాకుమారి కోట ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంటుంది. 1991లో వచ్చిన ‘రాబిన్ హుడ్: ప్రిన్స్ ఆఫ్ థీవ్స్’ సినిమా తీసినవాళ్ళు ఇంగ్లండు కోటను చూపించడానికి ఇక్కడికే వచ్చి కొన్ని దృశ్యాలు తీసుకున్నారు. 1997లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఏటా లక్షల మంది వచ్చి ఆ గోపురాల ముందు నిలబడి ఫొటోలు దిగుతారు. మధ్యయుగాల నాటి కోట ఇంత చెక్కుచెదరకుండా ఎలా ఉందబ్బా అని ఆశ్చర్యపోతారు.

ఆ ఆశ్చర్యంలో సగం న్యాయమే. మిగతా సగానికి జవాబు చెప్పేవి మాత్రం 1851లో తీసిన కొన్ని ఫొటోలు. వాటిలో అదే గుట్ట, అదే కోట. కానీ ఈ గోపురాలు లేవు. తలలు తెగినట్టున్న బురుజులు, పళ్ళూడిన దవడల్లా ఒరిగిపోయిన గోడలు, రాళ్ళ మధ్య మొలిచిన పిచ్చిమొక్కలు. చూసినవాళ్ళకు మన తెలంగాణ పల్లెల్లోని పాడుబడ్డ గఢీలు గుర్తొస్తే తప్పులేదు. ఆ ఫొటోలు తీసినవాళ్ళు ఇద్దరు: గుస్తావ్ ల గ్రే, ఓగుస్త్ మెస్త్రాల్. తీయించింది ఫ్రాన్సు ప్రభుత్వం. తీయించాక ఆ ప్రభుత్వమే వాటిని భద్రంగా సొరుగులో పెట్టేసింది. జనం వాటిని చూడటానికి నూరేళ్ళు దాటి మరో పాతికేళ్ళు పైన పట్టింది!

* * *

ఇంతకీ ప్రభుత్వానికి ఫొటోలతో పనేమొచ్చింది?

ఫ్రెంచి విప్లవం తర్వాత ఆ దేశంలో కోటలకు, మఠాలకు, చర్చిలకు గడ్డుకాలం వచ్చింది. రాజుల పేరు చెబితేనే మండిపడే రోజులు. కొన్ని కోటలు సైనికుల బారకాసులయ్యాయి. కొన్ని జైళ్ళయ్యాయి. ఇంకొన్నిటిని గుత్తకు తీసుకుని రాళ్ళు ఊడదీసి అమ్ముకున్నారు. లువార్ నది దగ్గరి షాంబోర్ భవనంలో 400కు పైగా గదులున్నాయి. విప్లవం రోజుల్లో అందులోని సామానంతా వేలం వేసేశారు. చివరికి గోడలు మిగిలాయి.

కొంత వేడి చల్లారాక, ఉన్నవన్నా కాపాడుకోవాలన్న తలంపు పుట్టింది. 1837లో చారిత్రక కట్టడాల కమిషన్ ఏర్పడింది. దాని వెన్నెముక ప్రోస్పేర్ మెరిమే. ఈ పేరు ఎక్కడో విన్నట్టుందా? ‘కార్మెన్’ కథ రాసిన రచయిత ఆయనే. బిజే తర్వాత సంగీత నాటకంగా మలిచింది ఆ కథనే. మెరిమే కథలు రాయడం తీరికవేళ పని. జీతం తీసుకున్న ఉద్యోగం మాత్రం చారిత్రక కట్టడాల ఇన్స్‌పెక్టర్ జనరల్. 1834 నుంచి పాతికేళ్ళకు పైగా గుర్రపు బళ్ళలో దేశమంతా తిరిగి, ఏ గోడ కూలుతోంది, ఏ కప్పు కారుతోంది, దేనికెంత ఖర్చవుతుంది అని లెక్కలు రాసుకుంటూ వచ్చారు. 1840 నాటికి కాపాడుకోవలసిన కట్టడాల తొలి జాబితా తయారైంది. వెయ్యికి పైగా పేర్లు!

కార్కసోన్‌ది మరీ దగ్గరి గండం. అది ఒకప్పుడు స్పెయిన్ సరిహద్దును కాచిన కోట. సరిహద్దు దక్షిణానికి జరిగిపోయాక దానితో సైన్యానికి పనిలేకపోయింది. 1850 ప్రాంతంలో కోటగోడలను వదిలించుకుందామన్న నిర్ణయానికి ప్రభుత్వం వచ్చింది. ఆ ఊరివాడే అయిన జాన్-పియేర్ క్రో-మైర్వియే అనే చరిత్రకారుడు లబలబలాడాడు. మెరిమే అతనికి తోడయ్యారు. గోడలు బతికాయి.

మరి వెయ్యి కట్టడాలు బాగుచేయాలంటే దేన్ని ముందు చేపట్టాలి? పారిస్‌లో కూర్చున్న కమిషన్ సభ్యులకు ఆ సంగతి ఎలా తెలియాలి? అప్పటిదాకా చిత్రకారులను పంపి బొమ్మలు గీయించేవారు. చిత్రకారుడి చెయ్యి ఊరుకోదు. విరిగిన శిల్పానికి తనే ముక్కు అతికిస్తాడు, బీటలు కాస్త తగ్గిస్తాడు, ముందు ఓ గొర్రెలకాపరిని కూర్చోబెడతాడు. బీటను బీటలాగే చూపించే సాధనం అప్పటికి వచ్చి పన్నెండేళ్ళయింది. అదే ఫొటోగ్రఫీ.

* * *

1851లో కమిషన్ ఐదుగురిని ఎంపిక చేసింది. ఒక్కొక్కరికీ ఒక్కో దిక్కు, చేతిలో కట్టడాల పట్టీ. చరిత్రకారులు ఈ పనికి పెట్టుకున్న పేరు ‘మిసియోఁ ఎలియోగ్రాఫీక్’. సూర్యుడి చేత రాయించే యాత్ర అన్నమాట. ప్రభుత్వం ఒక దేశపు కట్టడాలను వరసపెట్టి ఫొటోలు తీయించడం ఇలాంటి స్థాయిలో అంతకుముందు లేదు.

ఎదువార్ బాల్దుస్ ఫొంటెన్‌బ్లో రాజప్రాసాదంతో మొదలుపెట్టి రోన్ నది లోయ వెంట దక్షిణానికి దిగాడు. అన్రీ ల సెక్ తూర్పుకు, అంటే షాంపేన్, అల్సాస్ వైపు వెళ్ళాడు. ల గ్రే, మెస్త్రాల్ ఇద్దరూ జట్టుకట్టి లువార్ లోయ కోటల మీదుగా నైరుతికి, అక్కణ్ణించి కార్కసోన్‌కు. ఐదోవాడు ఇపోలిత్ బయార్. అతనికి నార్మండీ వచ్చింది.

బయార్ గురించి ఒక ముక్క చెప్పకుండా ముందుకు వెళ్ళలేం. ఆర్థికశాఖలో గుమాస్తా. 1839లో దాగేర్ తన పద్ధతిని ప్రకటించిన రోజుల్లోనే, కాగితం మీద నేరుగా ఫొటో తెచ్చే మరో పద్ధతిని ఈయనా కనిపెట్టాడు. కానీ పెద్దల అండ దాగేర్‌కు ఉంది. పేరూ పింఛనూ అటే పోయాయి. బయార్ ఏం చేశాడో తెలుసా? 1840లో నీళ్ళలో మునిగి చచ్చిపోయిన శవంలా తనను తానే ఫొటో తీసుకున్నాడు! నన్ను పట్టించుకోని లోకమా, ఇదిగో చూడు అని. ప్రపంచంలో తొలి వ్యంగ్య ఫొటో అదే అనుకోవచ్చు. అలాంటి మనిషికి పదకొండేళ్ళ తర్వాత ప్రభుత్వం నుంచి పిలుపొచ్చింది. ఈసారైనా కలిసొచ్చిందా అంటే... ఆ సంగతి కాసేపట్లో.

* * *

అప్పట్లో ఫొటో తీయడమంటే సగం వంటపని, సగం మూటలమోత.

దాగేర్ పద్ధతిలో వెండిపూత పూసిన రాగిరేకు మీద బొమ్మ పడేది. అద్దంలా మెరుస్తూ, వెంట్రుక కూడా కనిపించేంత స్పష్టంగా ఉండేది. అయితే ఒక్కటే. దాన్నుంచి నకళ్ళు తీయలేం. ఇంగ్లండులో విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ 1841లో పేటెంట్ తీసుకున్న పద్ధతి వేరు. కాగితం మీద ముందు నెగటివ్ వస్తుంది, దాన్నుంచి ఎన్ని ప్రింట్లైనా వేసుకోవచ్చు. టాల్బట్ తొలి ప్రయోగాలు చేసింది కూడా ఓ పాత కట్టడంలోనే. లేకాక్ ఆబీ అనే పూర్వపు క్రైస్తవ మఠం వాళ్ళ ఇల్లు. 1835 ఆగస్టులో ఆ ఇంటి కిటికీని తపాలాబిళ్ళంత కాగితం మీదికి తెచ్చాడు. 1844లో స్కాట్లండు వెళ్ళి, వాల్టర్ స్కాట్ రచనలతో ముడిపడిన కోటలు, మఠాలు, సరస్సులు తీశాడు. మరుసటేడు వాటిలో 23 ఫొటోలను పుస్తకంగా వేశాడు. అసలు ప్రింట్లనే పేజీల్లో అతికించిన పుస్తకం అది.

టాల్బట్ పద్ధతిలో ఓ చిక్కుంది. కాగితాన్ని మందులో తడిపిన రోజే వాడేయాలి. ఊళ్ళు పట్టుకు తిరిగేవాడికి అది కుదరని పని. ఆ ముడి విప్పినవాడే ల గ్రే. అతని కిటుకు ఇదీ. పల్చటి మంచి కాగితాన్ని కరిగిన తెల్ల మైనంలో ముంచాలి. అద్దుడు కాగితాల మధ్య పెట్టి వేడి ఇస్త్రీపెట్టెతో రుద్దితే అదనపు మైనం పోయి కాగితం గాజులా పారదర్శకం అవుతుంది. తర్వాత దాన్ని నానబెట్టే ద్రావకం ఉంది చూశారూ, అందులో అయొడైడ్ లవణాలతో పాటు పాల చక్కెర, బియ్యం ఉడికించిన నీళ్ళు! అక్షరాలా గంజి. మన ఇళ్ళల్లో నూలు చీరలకు పెట్టే గంజే, కాగితపు పోగులను పట్టి ఉంచడానికి అక్కడ పనికొచ్చింది. ఆ పైన చీకటిగదిలో సిల్వర్ నైట్రేట్ స్నానం, ఆరబెట్టడం. అంతే. ఇలా తయారైన కాగితాలు రెండు వారాల దాకా నిలవుంటాయి. ఎక్స్‌పోజ్ చేశాక వెంటనే కడగక్కర్లేదు. సాయంత్రం బసకు చేరాకో, రెండు మూడు రోజులయ్యాకో గాలిక్ ఆమ్లంలో వేస్తే బొమ్మ నెమ్మదిగా పైకి తేలుతుంది.

కాగితాలు తేలికే గాని కెమెరా తేలిక కాదు. నెగటివ్ ఎంతుంటే ప్రింటూ అంతే. పెద్దది చేయడమన్నది అప్పటికి లేదు. నెగటివ్‌ను మరో కాగితానికి ఆనించి ఎండలో పెట్టి ప్రింటు తీయడమే పద్ధతి. పెద్ద ఫొటో కావాలంటే పెద్ద పెట్టెను మోయాలి. గుర్రపు బండి, కొత్తగా వేసిన రైలు, అవి లేనిచోట కూలివాళ్ళ భుజాలు.

షాంబోర్, బ్లువా, షెనోన్సో, అంబువాజ్... 1851 వేసవిలో ల గ్రే, మెస్త్రాల్ దాటిన ఊళ్ళు ఇవి. అక్కడ వేసవి అంటే జూలై, ఆగస్టు. పొద్దు ఎక్కువసేపు ఉంటుంది గనుక కోటలు తీయడానికి అదే అదును. ఒక్కో ఫొటోకు కొన్ని నిమిషాలు లెన్సు తెరిచి ఉంచాలి. నీడపట్టునైతే ఇంకా ఎక్కువ. ఆ నిమిషాల్లో ముందునుంచి ఎవరు నడిచిపోయినా కాగితం మీద వాళ్ళ జాడ పడదు. అందుకే ఆనాటి కోటలన్నీ మనుషులు లేని కోటలు. నిజానికి ఆ వాకిళ్ళలో కోళ్ళు తిరుగుతుండేవి, బళ్ళు వెళ్తుండేవి, పిల్లలు కెమెరా చుట్టూ మూగుతుండేవాళ్ళు. రాయి ఒక్కటే కదలకుండా కూర్చుంది, రాయి ఒక్కటే ఫొటోలో పడింది.

తోటల సంగతి ఇంకా కష్టం. గాలికి ఆకు కదిలితే చెట్టు చెట్టంతా పొగమబ్బు ముద్దవుతుంది. పైగా ఆనాటి మందులకు నీలిరంగంటే అతి ప్రేమ, ఆకుపచ్చంటే గిట్టదు. ఆకాశం తెల్లగా వెలిసిపోతుంది, చెట్లు నల్లబడతాయి. ఆకాశం మీద పడ్డ మరకలు కనిపించకుండా నెగటివ్ మీద సిరా పూసేవారు. కాబట్టి ఆ పాత ఫొటోల్లోని మచ్చలేని తెల్లటి ఆకాశం చూసి వాతావరణం ఎంత నిర్మలంగా ఉందో అనుకోకండి. ఎంతమంది ఆకాశాలు సిరా కింద ఉన్నాయో! షెనోన్సో లాంటి చోట ఈ గొడవ కొంత తక్కువ. అది షేర్ అనే ఏటి మీద వంతెనలా కట్టిన మహల్. నిండు వెలుగు, ముందు నీళ్ళు. కొన్ని నిమిషాల అలలన్నీ కలిసిపోయి నీరు పాలమీగడలా కనిపిస్తుంది. అది యంత్రం లోపమే అయినా కంటికి మాత్రం అందమే.

షెనోన్సో ఫొటోకు ఇంకో విలువ ఉంది. 1864లో పెలూజ్ అనే సంపన్నురాలు ఆ మహల్ కొన్నారు. ముందటి రాణి కాథరిన్ ద మెదిచి పెట్టించిన చేర్పులు కొన్ని ఆవిడకు నచ్చలేదు. ముఖద్వారపు గోడ మీది పెద్ద స్త్రీవిగ్రహాలను తీయించేశారు. అవి ఇప్పుడు తోటలో ఉన్నాయి. ల గ్రే, మెస్త్రాల్ వెళ్ళింది ఆ మార్పులకు ముందే.

* * *

సరే, ఐదుగురూ తిరిగొచ్చారు. నెగటివ్‌లు, ప్రింట్లు తెచ్చి అప్పగించారు. కమిషన్ చేతికి వచ్చినవి 250కి పైమాటే. ఫొటోగ్రాఫర్ల సంఘం నడిపే ‘లా లుమియేర్’ పత్రిక ఎంతో ఆశగా ఎదురుచూసింది. ఇక పుస్తకం వస్తుంది, ప్రదర్శన పెడతారు, దేశమంతా తన కోటలను తాను చూసుకుంటుంది అని.

ఏమీ రాలేదు. కమిషన్ వాటిని తీసుకుంది, లెక్క రాసుకుంది, సొరుగులో పెట్టింది. ఆ పత్రిక వాపోయినా ఎవరూ పట్టించుకోలేదు.

ఎందుకంటే కమిషన్ దృష్టిలో అవి ఫొటోలు కావు, ఫైళ్ళు. ఏ గోడకు ఎంత మరమ్మతు కావాలో చూసుకోవడానికి తెప్పించిన కాగితాలు. పని అయ్యాక ఫైలు ఎక్కడుంటుంది? బీరువాలోనే కదా. సాంకేతికంగా అచ్చు వేయలేని పరిస్థితి కూడా కాదు. అదే 1851లో బ్లాంకార్-ఎవ్రార్ అనే ఆయన లిల్ నగరం దగ్గర ఫొటో ప్రింట్లు పెద్ద ఎత్తున తీసే కార్ఖానాయే పెట్టాడు. కావాలనుకుంటే జరిగేదే. ఎవరూ కావాలనుకోలేదు. పాడుబడ్డ కోటల ఫొటోలు బయటికొస్తే, బాగుచేసిన తర్వాత పోల్చి చూసి జనం ప్రశ్నలు వేస్తారన్న జంకు కూడా ఎక్కడో ఉండి ఉంటుందని అనుమానించేవాళ్ళూ లేకపోలేదు. అనుమానమే గాని ఆధారం లేదు. గుమాస్తా బుద్ధి అనుకుంటే సరిపోతుంది, కుట్ర అక్కర్లేదు.

ఇక మన బయార్. అందరూ కాగితం వాడితే అతనొక్కడూ గాజు పలకల మీద తీశాడు. గాజు మీద బొమ్మ ఇంకా స్పష్టం. కానీ ఆ నెగటివ్‌లు కమిషన్‌కు అందనే లేదు. నార్మండీలో అతను తీసిందంతా ఆ సంచయంలో లేకుండా పోయింది. కొందరికి రాసిపెట్టి ఉంటుందేమో!

* * *

ఫొటోలు బీరువాలో ఉండగా బయట గునపాలు, తాపీలు మొదలయ్యాయి. 1853లో కార్కసోన్ పునరుద్ధరణ పని చేపట్టినవాడు యూజేన్ వియొలే-ల-దుక్. ప్రతిభ విషయంలో ఆయనకు సాటి వచ్చే వాస్తుశిల్పి అప్పట్లో ఫ్రాన్సులో లేడనే చెప్పాలి. నోత్రదామ్ చర్చి మీద 2019 అగ్నిప్రమాదంలో కూలిన శిఖరం ఆయన నిలిపిందే. పాత కట్టడాన్ని ఉన్నదున్నట్టు నిలబెట్టడం ఆయన ఉద్దేశం కాదు. అది ఎలా ఉండి ఉండాలో అలా పూర్తి చేయాలన్నది ఆయన సిద్ధాంతం. కొన్నిసార్లు ఆ రూపం చరిత్రలో ఏనాడూ లేకపోయినా సరే!

కార్కసోన్ బురుజులకు కొసదేరిన నల్లపలకల గోపురాలు అలా వచ్చినవే. ఉత్తర ఫ్రాన్సులో మంచు కురుస్తుంది కాబట్టి కప్పులు నిటారుగా ఉంటాయి, నల్లపలక దొరుకుతుంది కాబట్టి దాన్ని కప్పుతారు. దక్షిణాన ఎండలు, మట్టి పెంకులు, వాలు తక్కువ కప్పులు. కార్కసోన్‌కు పారిస్ టోపీ పెట్టారని అప్పుడే విమర్శలొచ్చాయి. ఇరవయ్యో శతాబ్దంలో కొన్ని పాత రోమన్ బురుజుల మీది పలకలు తీసి పెంకులు వేశారు కూడా.

గోపురాలకన్నా ఎక్కువగా ఆలోచించవలసింది మరొకటి. రెండు ప్రాకారాల మధ్య ఉన్న ఖాళీలో, కోటగోడలకు చేరబడి, పేద నేతగాళ్ళు, కూలివాళ్ళు ఇళ్ళు వేసుకుని బతికేవారు. కోట బాగుచేయాలంటే అవి పోవాలి. క్రమంగా పోయాయి. నేటి యాత్రికుడు రెండు గోడల మధ్య పచ్చిక మీద హాయిగా నడుస్తాడు. ఒకప్పుడు అక్కడ పొయ్యిలు వెలిగేవని, మగ్గాలు ఆడేవని చెప్పే ఆనవాలు ఆ పచ్చికలో లేదు. గోల్కొండ కోటలోనో, ఓరుగల్లు కోటలోనో గోడల మధ్య ఊళ్ళను చూసినవాళ్ళకు ఈ చిక్కు వేరే వివరించనక్కర్లేదు. కోట ఎవరిది? కట్టినవాడిదా, కాపురమున్నవాడిదా?

అట్లాగని వియొలే-ల-దుక్‌ను దుర్మార్గుడిగా నిలబెట్టడం సబబు కాదు. ఆయన చెయ్యి పడకపోతే ఆ గోడల్లో ఎన్ని మిగిలేవో చెప్పలేం. ఆయన నిలిపిన గోపురాలకే నూటయాభై ఏళ్ళు వచ్చాయి, ఇప్పుడు అవీ చరిత్రే. అయితే ఆయన ఏది చూశాడు, ఏది ఊహించాడు అని విడదీయాలంటే, గునపం పడకముందు సూర్యుడు రాసిపెట్టిన సాక్ష్యం కావాలి. ఆ సాక్ష్యమే ల గ్రే, మెస్త్రాల్ నెగటివ్‌లు. అవి చిత్రకారుడి చేతిబొమ్మలైతే వాదన ఎప్పటికీ తెగేది కాదు.

* * *

ఆ ఐదుగురు తర్వాత ఏమయ్యారు?

ల సెక్ కొన్నేళ్ళకే కెమెరా పక్కనపెట్టి పాత తాళాలు, గొళ్ళేలు, ఇనుప జాలీలు పోగుచేసే పిచ్చిలో పడ్డాడు. ఫ్రాన్సులోని రువాఁ నగరంలో ఆ ఇనుప సామానుకే ఒక మ్యూజియం ఉంది, ఈ కుటుంబం పేరు మీద. కానీ తన పాత ప్రింట్లు వెలిసిపోతాయన్న బెంగ మాత్రం వదల్లేదు. 1870ల్లో తన నెగటివ్‌లను తీసి, వెలవని నీలిరంగు పద్ధతిలో మళ్ళీ ప్రింట్లు వేసుకున్నాడు. మన ఇంజినీర్లు ఇళ్ళ ప్లాన్లకు వాడిన బ్లూప్రింట్ పద్ధతే అది.

ల గ్రే కథ నవలను మించినది. 1850ల మధ్యలో సముద్రం ఫొటోలతో ఐరోపా అంతా పేరు మోగింది. పారిస్‌లో ఆర్భాటంగా స్టూడియో పెట్టాడు. కళ తెలిసినంతగా లెక్క తెలియదు. అప్పులు. 1860లో స్టూడియో మూతపడింది. ‘త్రీ మస్కెటీర్స్’ రాసిన అలెగ్జాండర్ డ్యూమా పడవ మీద తూర్పు యాత్రకు వెళ్తుంటే, భార్యాపిల్లలను వదిలేసి దాంట్లో ఎక్కేశాడు. దారిలో గొడవపడి మాల్టాలో దిగిపోవలసి వచ్చింది. మళ్ళీ ఫ్రాన్సు ముఖం చూడలేదు. చివరికి కైరోలో పిల్లలకు డ్రాయింగు పాఠాలు చెప్పుకుంటూ 1884లో కన్నుమూశాడు. 1999లో లండన్ వేలంలో అతని సముద్రపు ఫొటో ఒకటి ఐదు లక్షల పౌండ్లు దాటింది. ఆనాటికి ఫొటోకు పలికిన ధరల్లో అదే రికార్డు.

సొరుగులోని కోటలు 1980లో బయటికొచ్చాయి. ఫిలిప్ నెయాగు అనే పరిశోధకుడు ఆ సంచయాన్ని వెలికితీసి, ప్రదర్శనగా, పుస్తకంగా లోకం ముందు పెట్టాడు. తమాషా ఏమిటంటే, బీరువాలో పడి ఉండటమే ఆ మైనపు కాగితాలకు మేలు చేసింది. ఎండా వెలుతురూ తగల్లేదు. అదే కాలంలో గోడలకెక్కిన ప్రింట్లు పసుపుబారి అలుక్కుపోతే, ఇవి నిక్షేపంగా ఉన్నాయి. గుమాస్తా బుద్ధికి ఆ మాత్రం పుణ్యం దక్కాలి.

* * *

ల గ్రే గంజి, మైనం ఫ్రాన్సులోనే ఆగిపోలేదు. 1851లో పారిస్ వచ్చిన రోజర్ ఫెంటన్ అనే ఇంగ్లీషు లాయరు ఈ పద్ధతి నేర్చుకుని వెళ్ళాడు. తర్వాత గాజు పలకల పద్ధతికి మారి, 1860లో విండ్సర్ కోటను, దాని ముందు నాలుగు కిలోమీటర్లు సాగే చెట్ల బాటను తీశాడు. రాజభవనం కన్నా ఆ ఖాళీ బాటే ఆ ఫొటోల్లో గొప్పగా ఉంటుంది. రెండేళ్ళకే కెమెరాలన్నీ అమ్మేసి మళ్ళీ నల్లకోటు వేసుకున్నాడు!

మైనపు కాగితం మన దాకా కూడా వచ్చింది. మద్రాసు సైన్యంలోని లినేయస్ ట్రైప్ అనే అధికారిని 1856లో మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రభుత్వ ఫొటోగ్రాఫర్‌గా నియమించారు. 1857 డిసెంబరులో బెంగళూరు నుంచి ఎడ్లబళ్ళ మీద సరంజామాతో బయలుదేరాడు. మొదట తీసినవాటిలో రాయకోట ఒకటి. ఇప్పటి తమిళనాడు కృష్ణగిరి జిల్లాలో, తెలుగువాళ్ళు బాగా ఉండే ప్రాంతంలో ఉంది. 1791లో టిప్పు సుల్తాను నుంచి ఇంగ్లీషువాళ్ళు లాక్కున్న కొండకోట అది. బోడి బండ, బండ కింద పల్లె, పైన కోటగోడ. తర్వాత తిరుచిరాపల్లి, మధుర, తంజావూరు. ఆ నెగటివ్‌లు కూడా చాలావరకు కాగితమే. మద్రాసు ఎండల్లో తడి మందులు క్షణాల్లో ఆరిపోతాయి గనుక, పొడి కాగితం చాలాచోట్ల అక్కరకొచ్చింది.

ట్రైప్ చేసిన ఇంకో పని తెలుగువాళ్ళు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోదగ్గది. వాల్టర్ ఇలియట్ 1845లో అమరావతి స్తూపం దగ్గర తవ్వించి మద్రాసు చేర్చిన శిల్పాలను 1858లో ఫొటోలు తీశాడు. మరుసటేడే ఆ శిల్పాలు ఓడెక్కి లండన్ వెళ్ళిపోయాయి. ఇప్పుడవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. గడ్డ దాటకముందు వాటి రూపు పట్టి ఉంచినవి ఆ ఫొటోలే. అంత చేసినా, గవర్నరుగా వచ్చిన ట్రెవెల్యాన్‌కు ప్రభుత్వ ఫొటోగ్రాఫర్ అనే ఉద్యోగమే దండగ ఖర్చుగా తోచింది. రద్దు చేసేశారు. ట్రైప్ మళ్ళీ కవాతు మైదానానికి వెళ్ళిపోయాడు.

మన గోల్కొండకు మంచి ఫొటోగ్రాఫర్ దొరకడానికి మరో పాతికేళ్ళు పట్టింది. సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో చేరిన లాలా దీన్‌దయాళ్. కోట, కుతుబ్‌షాహీ సమాధులు, ఫలక్‌నుమా... అన్నీ ఆయన కెమెరా కిందికి వచ్చాయి. ఆయన పోయింది 1905లో. ఆయన గాజు నెగటివ్‌లలో 2,857 పలకలను ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం 1989లో సేకరించింది. ఆ పలకలు ఇప్పుడు అక్కడే ఉన్నాయి.